అడగకుండానే అందే కబురు: తుపాను కాలంలో వెబ్ ఫీడ్ వాడుక



అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఓపీలో జ్వరం, దగ్గు గురించి ఎన్ని ప్రశ్నలు వస్తాయో తుపాను గురించీ అన్ని వస్తాయి. "సిస్టరమ్మా, రేపు రాత్రికి తుపాను దాటతందంట గదా, మా కోడల్ని ఇప్పుడే తీసుకొచ్చేదా?" అని ఒక పెద్దామె అడుగుతుంది. "ఏందమ్మా నువ్వు, అది మద్రాసు పక్కకి పోయిందంట" అని పక్క బెంచీ నుంచి ఇంకొకరు అందుకుంటారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోను ఉంటుంది. ఇద్దరూ ఎవరో పంపిన వార్తనే చూపిస్తారు. ఆ రెండు వార్తలకూ పొంతన ఉండదు. ఏది ఈ రోజుదో, ఏది నిరుటిదో ఎవరికీ తెలియదు.

ఈ సంచికలో మందుల గురించి కాక కబురు గురించి రాయడానికి కారణం అదే. సముద్రం ఒడ్డున బతికే మనకు సరైన సమాచారం సరైన వేళకు అందడం కూడా వైద్యంలో భాగమే. నెలలు నిండిన తల్లి రోడ్డు బాగున్నప్పుడే బయలుదేరిందా, రోడ్డు తెగిపోయాక బయలుదేరిందా అన్న దాని మీద రెండు ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఫీడ్ అంటే ఏమిటి?

ఫీడ్ అనగానే మా నర్సులకు ముక్కు గొట్టం ద్వారా పోసే ఆహారం గుర్తొస్తుంది, తల్లులకు బిడ్డకు పట్టే పాలు గుర్తొస్తాయి. ఇంటర్నెట్టులో ఫీడ్ చేసేది కూడా అటువంటి పనే. సమాచారం మీ దగ్గరికే వస్తుంది, మీరు వెతుక్కుంటూ పోనక్కరలేదు.

మామూలుగా ఒక వెబ్‌సైటులో కొత్త సంగతి ఏమైనా ఉందా అని తెలుసుకోవాలంటే మనమే ఆ సైటు తెరవాలి. ఏమీ లేకపోతే మూసేసి, మళ్ళీ రెండు గంటల తర్వాత తెరవాలి. ఇట్లా నాలుగు సైట్లు చూడాలంటే పొద్దంతా అదే పని. ఫీడ్ ఉన్న సైటు వారు తమ పేజీలతో పాటు ఒక చిన్న ఫైలు కూడా ఉంచుతారు. కొత్త విషయం పెట్టినప్పుడల్లా ఆ ఫైలులో ఒక నమోదు చేరుతుంది. అందులో శీర్షిక, రెండు మూడు వాక్యాల సారాంశం, పూర్తి పేజీకి లింకు, పెట్టిన తేదీ, సమయం ఉంటాయి. ఆ ఫైలు ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసి ఉంటుంది. మనం నేరుగా తెరిస్తే గుర్తులతో నిండిన రాతలాగా కనిపిస్తుంది, భయపడనక్కరలేదు. అది యంత్రం చదువుకోవడానికి రాసినది. దాన్ని చదివి మనకు వరసగా చూపించేది ఫీడ్ రీడర్ అనే యాప్.

మా వార్డు పద్ధతితో పోల్చి చెబుతాను. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ నలభై మంది కేసు షీట్లు మొదటి పేజీ నుంచి చదవదు. రిపోర్టు పుస్తకం తెరిచి, తాను లేని వేళలో ఏం జరిగిందో ఆ నాలుగు కొత్త వరసలు చూస్తుంది. అవసరమైన రోగి షీటు మాత్రమే తీసి పూర్తిగా చదువుతుంది. సైటుకు రిపోర్టు పుస్తకం ఫీడ్. ఆ పుస్తకాన్ని కొంతసేపటికొకసారి వెళ్ళి చూసి వచ్చే సిస్టర్ ఫీడ్ రీడర్.

ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. 1999లో నెట్‌స్కేప్ కంపెనీ మొదలుపెట్టింది. దీన్ని ఆర్ఎస్ఎస్ అన్నారు. పేరు చూసి మరో సంస్థ అనుకోవద్దు, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 2002లో దీనికి రెండో అంకె రూపం వచ్చింది, 2005లో ఆటమ్ అనే మరో రూపం వచ్చింది. వాడేవారికి రెండింటికీ తేడా తెలియనవసరం లేదు, ఏ రీడరైనా రెండింటినీ చదువుతుంది. ఆ రోజుల్లో సైట్ల మూలన నారింజ రంగు చతురస్రంలో ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు కనిపించేవి. అదే ఫీడ్ గుర్తు, ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. తెలుగువారు కూడా దీన్ని బాగా వాడుకున్నారు. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సైట్లు ఎక్కడెక్కడో తెలుగులో రాసేవారి రాతలన్నీ ఫీడ్ల ద్వారానే ఒక చోటికి చేర్చాయి. అమెరికాలో ఉన్నవారు, గల్ఫులో ఉన్నవారు పొద్దున లేవగానే ఒక్క పేజీ తెరిస్తే చాలు, కొత్తవన్నీ అక్కడే ఉండేవి.

తర్వాత గూగుల్ తన రీడరును 2013 జులై 1న మూసేసింది. చాలామంది ఫీడ్ల కాలం అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. మీరు ఫోనులో పాడ్‌కాస్ట్ ద్వారా ప్రసంగాలు వింటున్నారంటే ఆ కొత్త ప్రసంగం మీ ఫోనుకు చేరుతున్నది ఫీడ్ ద్వారానే. పేరు తెలియకుండానే వాడుతున్నాం.

ముందుగా తేదీ, వేళ చూడండి

వాట్సాప్ వార్తకు, ఫీడ్ వార్తకు ఉన్న తేడాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపించేది తేదీ. మా వృత్తిలో సమయం రాయని నోటుకు విలువ లేదు. ఇంజెక్షన్ ఇచ్చానని రాసి ఎప్పుడిచ్చానో రాయకపోతే తర్వాత వచ్చిన సిస్టర్ మళ్ళీ ఇవ్వాలో వద్దో తెలియక నిలబడిపోతుంది. తుపాను వార్త కూడా అంతే. "తుపాను ఈ రాత్రి తీరం దాటుతుంది" అన్న వాక్యం నిజమే కావచ్చు, కానీ ఏ రాత్రి? ఫార్వర్డు చేసిన బొమ్మలో ఆ సంగతి ఉండదు. మీకు చేరిన వేళ మాత్రం ఈ రోజుది పడుతుంది కాబట్టి, వార్త కూడా ఈ రోజుదే అనిపిస్తుంది. ఫీడులో మాత్రం ప్రతి నమోదుకూ పెట్టిన వేళ ఉంటుంది, పెట్టిన వారి పేరు ఉంటుంది, అసలు పేజీకి లింకు ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫీడ్లలోనూ, వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్లలోనూ వేళను చాలాసార్లు యూటీసీ లేదా జీఎంటీలో రాస్తారు. అది మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. 0300 యూటీసీ అని ఉంటే అది తెల్లవారుజామున మూడు గంటలు కాదు, మనకు ఉదయం 8.30. 1200 యూటీసీ అంటే సాయంత్రం 5.30. "మూడు గంటలకు ఇచ్చిన పాత బులెటిన్ గదా" అని పక్కన పెడితే, అప్పుడే వచ్చిన కొత్తదాన్ని పక్కన పెట్టినట్టవుతుంది. ఫీడ్ రీడర్లు చాలావరకు నమోదు వేళను మన వేళలోకి తామే మార్చి చూపిస్తాయి. లోపలి బులెటిన్ పాఠంలోని వేళను మాత్రం మనమే లెక్క వేసుకోవాలి.

ఇంకొక మంచి సంగతి. ఫీడ్ తీసుకోవడానికి మీ ఫోను నంబరు, ఈమెయిలు ఆ సైటు వారికి ఇవ్వనక్కరలేదు. వద్దనుకున్న రోజు మీ యాపులో తీసేస్తే సరి, ఎవరినీ అడగనక్కరలేదు. రోగులు తమ జబ్బు గురించి చదివే సైట్లకు నంబరు ఇవ్వడం, తర్వాత నెలల తరబడి షుగరు పొడి అమ్మేవాళ్ళ ఫోన్లు భరించడం మనం చూస్తూనే ఉన్నాం.

ఎవరి కబురు వినాలి?

మన తీరానికి తుపాను కొత్త కాదు. 1989 నవంబరు 8న కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. అది థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడ నష్టం చేసి, బంగాళాఖాతం అంతా దాటి మన మీదికి వచ్చింది. ప్రపంచం దాన్ని గే అనే పేరుతో ఎరుగును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక అలలు మన తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ వ్యవధిలో మనకు చెప్పగల వ్యవస్థ అప్పుడు లేదు. ఆ తర్వాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం పెట్టారు. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఉన్నారు. వినడానికి మనకొక క్రమం కావాలి. యెహెజ్కేలు గ్రంథంలో కావలివాడి గురించి చదివిన మనకు ఇది కొత్త సంగతి కాదు. బూర ఊదడం అతని వంతు, విని లేవడం మన వంతు.

తుపాను గురించి మొదటి మాట భారత వాతావరణ శాఖది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అనే మాటలు భయం కోసం వాడేవి కావు, గాలి వేగాన్ని బట్టి పెట్టిన పేర్లు. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 అయితే తుపాను, 89 నుంచి 117 అయితే తీవ్ర తుపాను, ఆ పైన అతి తీవ్ర తుపాను. తుపాను స్థాయికి చేరాక బులెటిన్లు మూడు గంటలకొకసారి వస్తాయి. అందుకే ఉదయం చదివిన కబురుతో రాత్రి దాకా నెట్టుకురావడం మంచిది కాదు.

రెండోది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్. వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం, ఇన్‌కాయిస్, రాష్ట్ర విపత్తు సంస్థల హెచ్చరికలన్నీ ఇక్కడికి చేరతాయి. దీనికి యాప్ ఉంది, సైటులో ఫీడ్ కూడా ఉంది. ఈ హెచ్చరికలు క్యాప్ అనే అంతర్జాతీయ పద్ధతిలో రాసి ఉంటాయి. ఈ పద్ధతి 2004లో వచ్చింది. అన్ని దేశాలూ ఒకే రకం గడులు నింపుతాయి, మా ఉష్ణోగ్రత చార్టులాగా. ఆ గడులు చదవడం తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. ఒక గడి ఎంత తీవ్రమో చెబుతుంది. ఒకటి ఎంత తొందరో చెబుతుంది, అంటే ఇప్పుడే కదలాలా, ముందు ముందు కదలాలా అన్నది. ఒకటి ఎంత ఖాయమో చెబుతుంది, కళ్ళారా చూసినదా, జరిగే అవకాశం ఎక్కువా, ఉండవచ్చునా అని. ఇంకొకటి ఏ ప్రాంతానికో చెబుతుంది. అన్నిటికంటే నాకు నచ్చిన గడి, ఈ హెచ్చరిక ఏ వేళ వరకు చెల్లుతుందో చెప్పేది. మందు సీసా మీద గడువు తేదీ చూసినట్టే దీన్నీ చూడాలి. గడువు దాటిన మందు ఎట్లా వాడమో గడువు దాటిన హెచ్చరికను పట్టుకుని ఇంకొకరికి పంపడమూ అట్లా మానుకోవాలి. సందేశం కొత్తదా, ముందుదానికి సవరణా, రద్దా అన్నది కూడా అందులో రాసి ఉంటుంది. రద్దు చేసిన కబురు ఎవరూ ఫార్వర్డు చేయరు, గమనించారా?

చేపల వేటకు వెళ్ళే కుటుంబాలకు ఇన్‌కాయిస్ ముఖ్యం. అల ఎత్తు, ఉప్పెన, సునామీ, చేపలు దొరికే తావులు, అన్నీ వారే చెబుతారు. చేపల తావుల సూచనలు తెలుగులోనూ వస్తాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలుంటే ఐక్యరాజ్య సమితి, ఐరోపా సంఘం కలిసి నడిపే జీడాక్స్ ఫీడును కూడా పెట్టుకోవచ్చు. ప్రపంచంలో ఎక్కడ భూకంపం, ఎక్కడ తుపాను అన్నది అందులో ఉంటుంది. మన అవసరానికి మొదటి రెండే చాలు.

మన ఊరి పేరు లేదని ఊరుకోవద్దు

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు బులెటిన్లలో నెల్లూరుకు, మచిలీపట్నానికి మధ్య, బాపట్ల దగ్గర దాటుతుందని చెప్పారు. 5వ తేదీన బాపట్లకు దగ్గరలోనే దాటింది. బాపట్ల అన్న మాట చెవిన పడగానే "మనది కాదులే" అనుకున్నవారు ఉన్నారు. కానీ అది చెన్నై వైపు నుంచి మన తీరం వెంబడే పైకి పోయింది. గాలి, వాన మనకే ముందు తగిలాయి. తుపాను దాటే చోటు ఒక చుక్క, దాని వాన మబ్బు వందల కిలోమీటర్ల పరుపు. పటంలో గీత పక్కన విసనకర్రలాగా విప్పి చూపే భాగం ఉంటుంది. తుపాను కేంద్రం అందులో ఎటైనా పోవచ్చని దాని అర్థం. గాలివానలైతే ఆ విసనకర్ర బయట కూడా పడతాయి.

అంతకంటే ముఖ్యమైన పాఠం 2021ది. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద పెన్నలో కలిసి, సోమశిల దాటి మన వైపు వచ్చింది. ఒకటి రెండు రోజుల్లో కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరు వైపు నుంచి ఉత్తరానికి దారి లేదు, అటు నుంచి ఇటు రావడానికీ లేదు. ఆకాశం చూసి వాన తగ్గిందనుకున్న వేళలో నీళ్ళు వచ్చాయి.

కాబట్టి ఫీడులోనో యాపులోనో ప్రాంతం ఎంచుకునేటప్పుడు మీ మండలం, మీ జిల్లా ఒక్కటే పెట్టుకోకండి. పెన్నకు పైన ఉన్న కడప వైపు హెచ్చరికలు కూడా చూడండి. ఒడ్డున ఉన్నవారికి కబురు సముద్రం నుంచే రావాలని లేదు. మెట్ట నుంచి కూడా వస్తుంది. మన దగ్గర వార్త పట్టించుకునేవారు చాలామంది సముద్రం వైపే చూస్తూ కూర్చుంటారు, ఇది నా అభిప్రాయం.

హెచ్చరిక వచ్చాక ఇంట్లో రోగి ఉంటే

వాతావరణ శాఖ హెచ్చరికలు అంచెలుగా వస్తాయి. సుమారు మూడు రోజుల ముందు గమనించమని, 48 గంటల ముందు పసుపు రంగులో అప్రమత్తం కమ్మని, 24 గంటల ముందు నారింజ రంగులో హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు. ఫీడు పెట్టుకున్నందుకు దక్కే లాభం ఈ మొదటి రెండు అంచెల్లోనే ఉంది. ఎరుపు రంగు వచ్చేసరికి ఊరంతటికీ మైకులో చెబుతారు, దానికి ఫీడు అక్కరలేదు. గమనించమన్న రోజునే మీరు కదిలితే బస్సు ఉంటుంది, ఆటో ఉంటుంది, దారిలో నీళ్ళు ఉండవు.

ప్రసవం తేదీ రెండు వారాల లోపు ఉన్న తల్లులు, ముందు కాన్పు ఆపరేషన్ అయినవారు, రక్తపోటు ఉన్న గర్భిణులు పసుపు రంగు నాటికే ఆసుపత్రికో, ఆసుపత్రి దగ్గరున్న బంధువుల ఇంటికో చేరుకోవాలి. తుపాన్ల ముందు ప్రభుత్వం వారు కూడా గర్భిణులను ముందుగా తరలిస్తున్నారు. ఏఎన్ఎమ్ లేక ఆశా కార్యకర్త వచ్చి అడిగినప్పుడు "నొప్పులు రానీ, చూద్దాం" అనకండి. చెట్టు పడిన దారిలో 108 బండి కూడా ఆగవలసిందే. కేసు కాగితం, స్కానింగు, రక్తం గ్రూపు కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తెచ్చుకోండి.

డయాలసిస్ చేయించుకునేవారు 48 గంటల కబురు రాగానే తమ యూనిట్‌కు ఫోను చేసి, వంతును ముందుకు జరపగలరేమో అడగాలి. వంతు తప్పిపోతే నీళ్ళు, ఉప్పు బాగా తగ్గించాలి. తుపాను తర్వాత కొబ్బరి చెట్లు కూలి, ఎక్కడ చూసినా బోండాలే ఉంటాయి. అందరికీ మంచిదే అయినా కిడ్నీ చెడినవారికి కొబ్బరి నీళ్ళు, అరటిపండు ప్రమాదం. వాటిలోని పొటాషియం గుండెను ఆపగలదు. దాహం తీర్చాలని ప్రేమతో ఇచ్చే నీళ్ళు కాబట్టి ఇంటివారికే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇన్సులిన్ వాడేవారికి కరెంటు పోతే ఫ్రిజ్ లేదన్న దిగులు. వాడుతున్న సీసా చల్లని నీడలో దాదాపు నాలుగు వారాలు పాడవదు. కొత్త సీసాలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్ళున్న కుండలోనో తడి ఇసుకలోనో ఉంచండి. ఐసుగడ్డకు ఆనించకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఫిట్స్ మందులు, క్షయ మందులు, బీపీ మాత్రలు, హెచ్ఐవి మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఉన్నాయో లేదో గమనించమన్న రోజునే చూసుకోండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆగితే తుపాను కంటే ముందు అదే దెబ్బ తీస్తుంది.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు ఎవరి ఇంటికి పోవాలా అని ఆలోచించవద్దు. జనరేటరు ఉన్న ఆసుపత్రికి ముందే రావాలి.

పెట్టుకోవడం ఎట్లా?

ఫోనులో ఫీడ్లీ, ఐనోరీడర్, ఫీడర్ వంటి యాపుల్లో ఒకటి దించుకోండి. వీటిని ఉచితంగానే వాడుకోవచ్చు. యాప్ తెరిచి కూడిక గుర్తు నొక్కితే సైటు పేరో, ఫీడ్ చిరునామానో అడుగుతుంది. మీకు కావలసిన సైటులో నారింజ గుర్తుగాని, ఆర్ఎస్ఎస్ అన్న మాటగాని వెతికి, ఆ లింకును వేలితో నొక్కి పట్టుకుని కాపీ చేసి ఇక్కడ అతికించండి. గుర్తు కనిపించకపోయినా సైటు చిరునామా ఇస్తే చాలాసార్లు యాపే ఫీడును వెతికి పట్టుకుంటుంది. కొన్ని సైట్లకు ఫీడ్ ఉండదు. అటువంటప్పుడు చేసేదేమీ లేదు, పాత పద్ధతిలో వెళ్ళి చూడటమే. నోటిఫికేషన్లు అన్నిటికీ పెట్టకండి. హెచ్చరికల ఫీడుకు మాత్రం పెట్టండి. ఐసీయూలో ప్రతి మానిటరూ ఊరికే మోగుతుంటే అసలు మోగవలసినది మోగినప్పుడు ఎవరూ తల తిప్పరు. అది మాకు బాగా తెలిసిన జబ్బు.

ఫీడ్ సైరను కాదు. రీడర్ యాప్ కొంతసేపటికొకసారే వెళ్ళి చూస్తుంది, అరగంటో గంటో ఆలస్యం కావచ్చు. తుపానుకు అది చాలు, దానికి రోజుల వ్యవధి ఉంది. పిడుగుకు, సునామీకి చాలదు. వాటికి ఫోనులో నేరుగా మోగే ప్రభుత్వ హెచ్చరికలు ఉన్నాయి. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా వింత మోత మోగించి పరీక్ష సందేశం చూపించాయి కదా, అవి దాని కోసమే. సెట్టింగుల్లో ఆ ఎమర్జెన్సీ హెచ్చరికలను ఆపేసి ఉంటే మళ్ళీ పెట్టుకోండి. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఏ ఫోను కోసమూ చూడకుండా మెరకకు పరుగెత్తాలి.

గాలి మొదలయ్యాక టవరు పోతుంది, ఫోను పోతుంది. అప్పుడు ఫీడ్ పనికిరాదు. బ్యాటరీతో నడిచే రేడియో, కొత్త సెల్లులు, ఆకాశవాణి వార్తలు, ఇవే దిక్కు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 1070, 112, 18004250101 గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. ఫోనులో దాచిన నంబరు ఫోను చచ్చిపోయాక ఉండదు.

స్మార్టు ఫోను లేని ఇళ్ళు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. ప్రతి పేటకు ఒక యువకుడో యువతో ఈ ఫీడ్లు చూసే పని తీసుకుంటే చాలు. ఉదయం, సాయంత్రం గుడి మైకులో చదివి వినిపించవచ్చు. చదివేటప్పుడు మూడు సంగతులు తప్పక చెప్పాలి, ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు, ఎంతవరకు చెల్లుతుంది. సొంత మాట ఒక్కటీ కలపకూడదు. డాక్టరు గారి ఆర్డరును సిస్టర్లు తిరిగి చదివి వినిపించేటప్పుడు మేం పాటించే నియమం కూడా ఇదే.

తుపాను లేని నెలల్లో కూడా ఈ యాప్ ఊరికే ఉండనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వార్తలు వేస్తుంది. నర్సింగు చదివే పిల్లలు పబ్‌మెడ్‌లో తమకు కావలసిన విషయం వెతికి, ఆ వెతుకులాటనే ఫీడుగా మార్చుకోవచ్చు, కొత్త వ్యాసం వచ్చినప్పుడల్లా తెలుస్తుంది. అయిదారు ఫీడ్ల కంటే ఎక్కువ పెట్టుకోవద్దని నా సలహా. నెలకొకసారి చూసి, కొత్త నమోదులు రాని వాటిని తీసేయండి. ఆగిపోయిన ఫీడ్ "ఏమీ లేదు" అని చెబుతున్నట్టు ఉంటుంది, నిజానికి ఏమీ చెప్పడం లేదు.

శనివారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల వరకు ఓపీ పక్కనున్న ఆరోగ్య బోధన గదిలో మన నర్సింగు విద్యార్థినులు ఈ యాపులు పెట్టి, వాడుక నేర్పుతారు. ఫోను చార్జి చేసుకుని రండి. ఇంట్లో గర్భిణిగాని, డయాలసిస్ రోగిగాని ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పండి, మీ ఫోను మొదట చూస్తారు.